రాత్రి గదిలోని పాఠము

వాల్తేరులో తెల్లవాఱక మునుపే వసతిగృహపు వంటశాలలో పొయ్యి వెలుగును. పిమ్మట గ్రంథాలయపు తలుపులు, ప్రయోగశాలల తాళములు తీయువారు వత్తురు. వీరందఱి మాట తెలుగు. వీరు వండిన యన్నము తిని, వీరు తీసిన తలుపున లోని కేగిన విద్యార్థి పగలెల్ల ఆంగ్లమున వ్రాసికొనును. రాత్రి భోజనానంతరము ఆ వ్రాతనే ముందిడుకొని నలుగురు స్నేహితులు తెలుగున విప్పి చెప్పుకొందురు. అసలు పాఠ మప్పుడు జరుగును. దానికి ఆచార్యుడు లేడు, హాజరుపట్టీయు లేదు.

1926లో ఆంధ్రవిశ్వవిద్యాలయము వెలసినపుడు మనము కోరిన దిదియేనా? అంతకు ఎనిమిదేండ్ల క్రిందటనే, 1918లో, హైదరాబాదున ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉర్దూను బోధనభాషగా గైకొనెను. అనువాదశాఖవారు శాస్త్రగ్రంథముల నా భాషలోనికి దింపిరి. వైద్యము సైత మందే బోధింపబడెను. దేశభాషకు శాస్త్రము లొంగదను వాద మచ్చటనే వీగినది. కాని ఆ సంస్థానమున నెక్కువమంది మాటాడునది తెలుగు గదా! తెలంగాణపు పిల్లవాడు ఉర్దూలో, సర్కారుజిల్లాల పిల్లవాడు ఆంగ్లములో శాస్త్రము చదివిరి. 1948 తరువాత ఉస్మానియాయు ఆంగ్లమునకు మరలెను.

1968లో తెలుగు అకాడమీ యేర్పడి కళాశాలలకు తెలుగు పుస్తకములు వేసినది, మేలే. అయినను పల్లెటూర తెలుగున పట్టము పొంది వచ్చిన రైతుబిడ్డకు పైచదువులో మొదటి సంవత్సరము వాక్యము కూర్చుకొనుటలోనే గడచుచున్నది. ఆంగ్లము వలదని మే మనము. దానివలన మేమును బాగుపడినవారమే. తరగతిలో సందేహమును తెలుగున నడుగనిండు, పరీక్షలో తెలుగున వ్రాయగోరువానిని వ్రాయనిండు అని మాత్రమే మా మనవి. ఒకచోట నొక విద్యార్థి ప్రశ్న యడుగ లేచి, మాట కుదురక, మరల గూర్చుండుట మేము కన్నులార జూచితిమి. ఆ ప్రశ్న యేమో ఆచార్యునకు దెలియనే లేదు.