తీగచుట్టల శ్రుతి

నేను భాషాపండితుడను. జగిత్యాల ప్రాంతపు పాఠశాలలలో సంధులు, సమాసములు చెప్పి పదవీవిరమణము చేసినవాడను. అట్టి నేను విద్యుత్తును గూర్చి ప్రసంగించుట సాహసమే. కాని నిరుటి వేసవిలో మా మనుమడు ఇంటి అరుగుమీద టెస్లాచుట్ట యను యంత్రమును చేయబూనగా, వానికి కాపలాగా ప్రక్కన కూర్చుండితిని. పదిదినములలో కాపలాదారుడు కాస్తా శిష్యుడయ్యెను. అట్లు నేర్చినదానిని మీకు విన్నవింతును.

నికోలా టెస్లా 1856లో, నేటి క్రొయేషియా దేశమునందలి స్మిల్యాన్ గ్రామమున జన్మించి, 1884లో అమెరికా చేరెను. ఈ చుట్టను 1891లో నిర్మించెను. 1896లో న్యూయార్కున స్వామి వివేకానందుని కలిసికొని, ప్రాణము, ఆకాశము అను తత్త్వములను విని మిక్కిలి ముచ్చటపడెనని స్వామివారి లేఖవలన తెలియుచున్నది. ఇది మన చుట్టకు సంబంధించిన మాట కాదు; అయినను చెప్పక యుండలేకపోతిని.

యంత్రమున రెండు చుట్టలుండును. వెలుపలిది లావుపాటి రాగితీగతో ఎనిమిది చుట్లు. దాని నడుమ రెండంగుళముల ప్లాస్టికు గొట్టముమీద సన్నని తీగతో ఎనిమిదివందల చుట్లు. ఈ సన్నతీగను కోరుట్లలో బోరుమోటార్లకు వైండింగు చేయు దుకాణమున కొంటిమి. చుట్టుమీద చుట్టు పడరాదు, నడుమ సందు రారాదు. మనుమడు రెండుమార్లు చుట్టి రెండుమార్లు చెడగొట్టెను. తుదకు సిరిసిల్లలో నా పూర్వశిష్యుని యింటికి పోతిమి. జన్మమంతయు కండెలు చుట్టిన అతని తల్లి, గొట్టమును రాట్నమునకు తగిలించి, తీగను వ్రేళ్లనడుమ బిగబట్టి, ఒక్కపూటలో ముగించి యిచ్చెను. ఆమెకు టెస్లా యెవరో తెలియదు. తెలియవలసిన పనియు లేకపోయెను.

ఇక అసలు సంగతి. వెలుపలిచుట్టకు విద్యుత్తును నిలువజేయు కెపాసిటరు నొకదానిని కలుపుదురు. అది నిండి, నిప్పురవ్వ దుమికినపుడు, ఆ విద్యుత్తు ఉయ్యాలవలె ఇటునటు ఊగును. క్షణమునకు లక్షల పర్యాయములు. లోపలిచుట్టకును తనదైన ఊపు కలదు. ఈ రెండూపులు సమానమైననే బలము మెట్టుమెట్టుగా పెరిగి కొనయందు మెరుపై వెడలును. ఒకే శ్రుతిగల రెండు తంబురలలో ఒకదానిని మీటగా రెండవది తానై మ్రోగుట వంటిదిది. మా చుట్ట ఊపు, లెక్కవేసిచూడగా, రమారమి 700 కిలోహెర్ట్జులు. మధ్యతరంగములపై 738 కిలోహెర్ట్జులయొద్ద హైదరాబాదు కేంద్రమును వెదకి పట్టిన చేతులు మీలో పెక్కురివి. రేడియోమర త్రిప్పుచు మీరు కలిపినదియు ఈ శ్రుతియే.

మొదట చుట్ట కొనకు ఏమియు తగిలింపక ప్రయత్నించితిమి. వెలుపలిచుట్టపై క్లిప్పును నాలుగవ చుట్టుకు కొంచెము లోపల పెట్టగా ఊదారంగు కుంచెవలె మెరుపు లేచెను. పిల్లవాని సంతోషమునకు మేరలేదు. మరునాడు కొనమీద నాలుగంగుళముల బోలు లోహపుగుండు నుంచెను. మెరుపు మాయమయ్యెను! శక్తి చాలలేదని వాడు నిశ్చయించుకొని, పాడైన మైక్రోవేవ్ పొయ్యిలోని ట్రాన్స్‌ఫార్మరు నొకదానిని సాయంకాలమునకు తెచ్చెను. పెద్దలారా, ఆ వస్తువును ఎవరి పిల్లల చేతిలో చూచినను లాగికొనుడు. అది రెండువేల వోల్టులను, గుండె నాపుటకు చాలినదానికంటె ఎన్నోరెట్లు ధారను ఇచ్చును. దానితో కొయ్యపై చిత్రములు కాల్చబోయి అమెరికాలో పలువురు మరణించిరి. నేను దానిని పెట్టెలో పెట్టి తాళము వేసితిని. వాడు అన్నము తినలేదు.

రాత్రి నాకు నిదుర పట్టలేదు. గుండు పెట్టుటవలన పోయినదేమి? మృదంగపు ఎడమమూతకు రవ్వముద్ద నంటింపగా నాదము మందగించుట స్ఫురించెను. గుండు పైచుట్ట ఊపును మందగింపజేసినది. క్రిందిచుట్ట పాతశ్రుతిలోనే యున్నది. కావున క్రిందిదానిని కూడ మందగింపవలెను, అనగా చుట్లు పెంచవలెను.

తెల్లవారగానే వాని లేపితిని. ఏ తీగకును కలుపని ట్యూబులైటును కుర్చీపై మూడడుగుల దూరమున నిలిపితిమి. క్లిప్పును పావుచుట్టు జరుపుట, వెలుగు చూచుట. జరుపునపుడెల్ల విద్యుత్తును ఆపి, ఎండుకఱ్ఱకు కట్టిన తీగతో కెపాసిటరు రెండుకొనలను కలిపి ఖాళీచేసినగాని చేయి పెట్టలేదు. ఆపినంతమాత్రమున అది ఖాళీ కాదు. నాలుగవ చుట్టున చీకటి. అయిదవచుట్టున మసకవెలుగు. అయిదున్నరయొద్ద గొట్టమంతయు తెల్లగా వెలిగెను. ఆరున మరల మసక. అదే పాత మోటారుసైకిలు ఇగ్నిషను కాయిలు, అదే బ్యాటరీ! మెరుపు పొడవైనపుడు అదియు కొంత గుండువలెనే పనిచేయునుగాన, తుదకు ఇంకొక వ్రేలిమందము వెలుపలికి జరిపితిమి.

లోపలిచుట్ట అడుగుకొనను ఇంటి ఎర్తుతీగకు కలుపరాదు. వేఱుగా ఇనుపకడ్డీని భూమిలో దిగగొట్టవలెను. గుండెకు పేస్‌మేకరు అమర్చబడిన పెద్దలు ఆ దరిదాపులకే రారాదు.

మా పొరుగింటి పెద్దాయన మూడవనాడు వచ్చి, తన రేడియోలో పాటకు బదులు గరగర వినబడుచున్నదని కోపించెను. అప్పటినుండి ఆయన రేడియో కట్టినపిమ్మటనే మా మెరుపు, అదియు పది క్షణములు.