వినేవారు కావాలి

మన ఇంటివాడొకడు ఘోరమైన శ్రమ దాటి వచ్చి, జరిగినది చెప్పబోతే, మనం వినకుండా లేచి వెళ్లిపోతే అతనికెలా ఉంటుంది? ప్రిమో లేవీ అనే యూదునికి ఇలాంటి కలే వచ్చేది. ఒక్క రాత్రి కాదు, ఎన్నో రాత్రులు.

లేవీ ఇటలీలోని ట్యూరిన్ నగరవాసి. రసాయన శాస్త్రం చదివినవాడు. హిట్లర్ ప్రభుత్వం సుమారు 60 లక్షల మంది యూదులను చంపిన రోజులవి. 1944 ఫిబ్రవరిలో అతణ్ణి అనేకులతోపాటు గూడ్సు పెట్టెలో కుక్కి ఆష్విట్జ్ నిర్బంధ శిబిరానికి పంపారు. అక్కడ మనిషికి పేరు లేదు. చేతిమీద పచ్చబొట్టు పొడిచిన నంబరే పేరు. ఆకలి, చలి, దెబ్బలు. ఆ కల అక్కడే వచ్చేది. తాను ఇల్లు చేరి తన బాధ చెబుతుంటాడు. ఎవరూ పట్టించుకోరు. సొంత చెల్లెలే మౌనంగా లేచి వెళ్లిపోతుంది. తోటి ఖైదీలను అడిగితే తమకూ అదే కల వస్తున్నదన్నారు!

1945 జనవరిలో విడుదలై, ఇల్లు చేరి, అతడు పుస్తకం వ్రాశాడు. కల నిజమైనంత పనైంది. పేరున్న ప్రచురణ సంస్థ దానిని తిరస్కరించింది. 1947లో ఒక చిన్న సంస్థ 2,500 ప్రతులు వేస్తే అవీ పూర్తిగా అమ్ముడుపోలేదు. 1958లో మరల అచ్చయిన తరువాతే లోకం చెవియొగ్గింది. అందులో తిట్లు లేవు, శాపనార్థాలు లేవు. న్యాయస్థానంలో సాక్షి చెప్పినట్టు, చూసినది చూసినట్టు చెప్పాడు.

ఎలీ వీజెల్ కథ మరొకటి. 15 ఏళ్ల ప్రాయంలో కుటుంబంతో ఆష్విట్జ్ చేరాడు. తల్లిని, చిట్టిచెల్లిని అక్కడే చంపారు. తండ్రి 1945లో బుకెన్‌వాల్డ్ శిబిరంలో మరణించాడు. బ్రతికి బయటపడిన వీజెల్ పదేళ్లు దీని గురించి వ్రాయకూడదని ఒట్టు పెట్టుకున్నాడు. అంతటి దుఃఖానికి మాటలు చాలవని అతని భయం.

1950ల మధ్యలో, విలేఖరిగా, ఫ్రాంసువా మోరియాక్ అనే క్రైస్తవ రచయితను కలిశాడు. మోరియాక్ యేసు శ్రమలను గూర్చి ఎంతో భక్తితో మాట్లాడుతున్నాడు. యువకుడు ఉండబట్టలేకపోయాడు. పదేళ్ల క్రితమే యూదుల పిల్లలు ఘోరశ్రమలు పడ్డారు, వారి మాట ఎవరూ ఎత్తరేమని అడిగి బయటికి నడిచాడు. ఆ పెద్దాయన కోపగించుకోలేదు. వెనుకనే వెళ్లి, లోపలికి పిలుచుకొచ్చి, కన్నీరు కార్చి, నీవు చెప్పాలి అని బ్రతిమాలాడు. 1958లో ఫ్రెంచి భాషలో వెలువడిన ‘రాత్రి’ అనే పుస్తకానికి ముందుమాట వ్రాసినది ఆయనే. వీజెల్‌కు 1986లో నోబెల్ శాంతి బహుమతి లభించింది.

ప్రియులారా, ఈ హత్యాకాండ జరిగినది గుడిగంటలు మ్రోగే దేశాలలోనే. యేసు శ్రమలకు కంటతడి పెట్టే మనం, పొరుగువాని శ్రమ వినడానికి ఓర్పు చూపుతున్నామా? యోబు స్నేహితులు ఏడు దినాలు నోరు మెదపక అతనితో నేలమీద కూర్చున్నారు. వారు చేసిన మంచిపని అదే. తప్పిదమంతా నోరు తెరిచాక జరిగినదే.

సాక్షి ఎంత ధైర్యవంతుడైనా, వినేవారు లేకపోతే సాక్ష్యం గొంతులోనే నిలిచిపోతుంది. ఈ సాయంకాలం మీ ఇంటి అరుగుమీద కూర్చుని ఎవరైనా తమ కష్టం మొదలుపెడితే, లేచిపోకండి. చివరిదాకా వినండి.