బరువైన రికార్డు కొనవలెనా?

త్రిపురాంతకం పిల్లలకు మార్కాపురం పలక కొత్త కాదు. మందపు పలక సులభంగా పగలదు. కాని దస్తూరిని చక్కదిద్దదు. గ్రామఫోను రికార్డు కూడ అట్టిదే.

30 సెంటీమీటర్ల సాధారణ వినైల్ రికార్డు 120-140 గ్రాములు, బరువైనది 180 గ్రాములు తూగును. రికార్డు మందం సుమారు 2 మిల్లీమీటర్లు. ముల్లు నడిచే గాడి లోతు మిల్లీమీటరులో పదోవంతైనా ఉండదు. రెండు ముఖాల నడుమ అదనంగా చేరిన ప్లాస్టిక్కు పాటకు ఏమీ కలపదు. 1974లో వెలువడిన ఘంటసాల భగవద్గీతను 180 గ్రాముల రికార్డుగా అచ్చొత్తినను, మూల ధ్వనిముద్రణ, గాడికోత బాగుండనిచో స్వరం స్పష్టం కాదు.

మందమైనది అంత త్వరగా వంగదు, నిజమే. కాని సుమారు 60 డిగ్రీల సెంటీగ్రేడు దాటిన వేడికి ఏ వినైల్ అయినా మెత్తబడును. కావున అదనపు సొమ్మును బరువుకు గాక మంచి ముల్లుకు వెచ్చించి, రికార్డులను నీడలో నిలువుగా ఉంచుట మేలు.