కొలువు వదిలి దేవుణ్ణి నమ్ముకున్న రాజుగారు

దుమ్ముగూడెం: భద్రాచలానికి ఎగువన, గోదావరి వొడ్డున వున్న యీ వూరికి ఆనకట్ట చూడడానికి వచ్చేవారు చాలామంది. ఆ ఆనకట్ట పనుల దగ్గర మొదలైన మరో కథ తెలిసినవారు మాత్రం తక్కువ.

గోదావరిలో పైవరకూ పడవలు నడపాలని సర్ ఆర్థర్ కాటన్ తలపెట్టిన పథకంలో మొదటి అడ్డుకట్ట ఇక్కడిదే. ఆ పనులు చూసిన ఇంజనీరు హేగ్ దొర, చుట్టుపక్కల కోయగూడేలలో సువార్త చెప్పే మనిషి కావాలని వెదికాడు. సీమనుంచి ఎవరూ రాలేదు. ముందుకు వచ్చినవాడు ఆ పనుల్లోనే వున్న తెలుగు ఉద్యోగి వెంకటరామరాజు. క్రైస్తవం పుచ్చుకున్న ఆయన 1860 దశకం మొదట్లో సర్కారు కొలువు వదిలి, చర్చి మిషనరీ సొసైటీ తరఫున గూడేలు తిరగడానికి పూనుకున్నాడు. తర్వాత గురువుగా అభిషేకం కూడా పొందాడు.

అప్పుడు యీ ప్రాంతానికి రోడ్లు లేవు. మన్యం జ్వరమంటే మైదానంవాళ్లు ఇటు అడుగు పెట్టేవారు కాదు. నెల జీతం వదిలి అలాంటి చోట నిలబడడం ఆషామాషీ కాదు.

ఆగిన పనులు

ఇంతకూ జరిగిందేమిటి? పడవల పథకం ఖర్చు పెరిగి, ఫలితం కనబడక, పనులు 1871లో ఆగిపోయాయి. రాజుగారు మొదలుపెట్టిన పని ఆగలేదు. 1870 దశకంలో వచ్చిన జాన్ కెయిన్ దొర దాన్ని అందుకొని, కోయల భాష, ఆచారాల గురించి ‘ఇండియన్ యాంటిక్వరీ’ పత్రికలో వ్యాసాలు రాశాడు. పనులు ఆగిపోతాయని కొలువు వదిలే నాడు రాజుగారికి తెలియదు. తెలిసి నడిస్తే అది లెక్క. తెలియకుండా నడిచాడు కనుకనే దాన్ని నమ్మకం అంటాం.

నమ్మినవాడికి కష్టం రాదా?

వస్తుంది. 1986 ఆగస్టులో భద్రాచలం వద్ద గోదావరి 75.6 అడుగులకు పెరిగింది. 2022 జూలైలో మళ్లీ 71.3 అడుగులు దాటించింది. 53 అడుగులకే మూడో ప్రమాద హెచ్చరిక అంటే ఆ నీరెంతో వూహించుకోవచ్చు. ఆ నీరు గుడివాళ్ల పొలమనీ, చర్చివాళ్ల పొలమనీ చూడదు.

అలాంటప్పుడు కొందరు పరామర్శకు వచ్చి, నీ విశ్వాసం చాలలేదు, అందుకే యిలా అయిందంటారు. పంట పోయిన రైతుకు ఆ మాట వరదకంటే పెద్ద దెబ్బ. బైబిలులో యోబు కథ తెలిసినవారు అలా అనరు. బిడ్డలనూ, పశువులనూ పోగొట్టుకొని బూడిదలో కూర్చున్న యోబు దగ్గర స్నేహితులు ఏడురోజులు నోరు మెదపకుండా కూర్చున్నారు. అంతవరకూ బాగానే వుంది. ఆ తర్వాత తప్పు నీదేనని వాదించారు. చివరకు దేవుడు మందలించింది ఆ స్నేహితులనే. మొరపెట్టుకున్న యోబును కాదు.

మన భద్రాద్రివాళ్లకు యిది కొత్త కాదు. గోలకొండ చెరసాలలో రామదాసు తన రాముణ్ణి నిలదీశాడు. అంతమాత్రాన ఆయన భక్తి తక్కువని ఎవరైనా అంటారా? అడిగే చనువు నమ్మినవాడికే వుంటుంది.

అలాగే, ప్రార్థన చేశాం గదా అని జ్వరంతో వున్న బిడ్డను ఆసుపత్రికి తీసుకుపోకుండా వుంచడం, హెచ్చరిక వచ్చినా గట్టు దిగువనే పడుకోవడం నమ్మకం కాదు. ప్రార్థన చేసి రక్తపరీక్ష చేయించాలి. సామాను సర్దుకొని ఎత్తుకు చేరాలి. ముసలివాళ్లున్న పక్కింటి తలుపు కూడా తట్టాలి.

ఏటా శ్రావణంలో గోదావరి ఎరుపెక్కుతుంది. యీసారి పొరుగువాడి చేను మునిగితే అతని విశ్వాసం కొలవడానికి పోవద్దు. ఓ తట్ట గింజలు తీసుకొని వెళ్లి, యోబు స్నేహితులు మొదటి ఏడురోజులు కూర్చున్నట్లు పక్కన కూర్చుంటే చాలు.