అంగడిలో సేంద్రియ సరుకు: అగ్గువకు కొనేదెట్లా?



ఈనాడు మనం అంగడి బేరం గురించి కొంచెం ముచ్చటించుకుందాం. పటాన్‌చెరు, ఇస్నాపూర్, పాశమైలారం, బొల్లారం కార్ఖానాల్లో షిఫ్టు దిగి, సంచి చేతబట్టుకొని అంగడికి పోయే కుటుంబాలు వేలకొద్దీ ఉన్నవి. మందు కొట్టని కూరగాయ, ఎరువుల బస్తా ఎరుగని జొన్న తమ పిల్లలకు పెట్టవలెనని వీరికీ ఉన్నది. కాని సేంద్రియం అన్న మాట వినగానే రెండు భయాలు పట్టుకొంటవి. ధర రెట్టింపు ఉంటుందేమోనని ఒకటి. రెట్టింపు పోసి తెచ్చినా అది నిజమైన సరుకేనా అని మరొకటి. రెండూ సహేతుకమైన భయాలే. అయితే ఈ రెంటికీ విరుగుడు ఒక్కటే. పండించిన మనిషి దగ్గరికి పోవడం, పంట చేతికొచ్చిన నెలలో పోవడం, వీలైతే పదిమంది కలిసి పోవడం. మధ్యవర్తి చేతులు తగ్గినకొద్దీ ధర దిగుతుంది, మాట మీద నమ్మకమూ కుదురుతుంది.

మొట్టమొదట ఒక పొరపాటు అభిప్రాయాన్ని తొలగించుకొందాం. రైతుబజారులో అమ్మేదంతా సేంద్రియమని కొందరు అనుకొంటారు. రైతుబజార్లు 1999 జనవరి 26న మొదలైనవి. దళారి లేకుండా రైతు తన సరుకు తానే అమ్ముకొనడం, కొనేవారికి సరసమైన ధరకు దొరకడం, ఇదీ వాటి ఉద్దేశం. అక్కడ బోర్డు మీద రాసిన ధర టోకు ధరకు పైన, చిల్లర ధరకు కింద ఉండేటట్లు చూస్తారు. పంట మందులతో పండిందా, పేడ ఎరువుతో పండిందా అన్నది ఆ బోర్డు చెప్పదు. అది మనం అడిగి తెలుసుకొనవలసిందే.

అడగడమంటే "ఇది ఆర్గానికేనా?" అని అడగడం కాదు. ఆ ప్రశ్నకు ఎవరైనా ఔననే అంటారు. గంప ముందు కూర్చొని, తొందరపడకుండా, ఇట్లా అడగండి.

"పెద్దమ్మా, ఈ వంకాయ మీ చేన్లదేనా?"

"మా చేన్లదే బిడ్డా. పొద్దుగాల తెంపిన."

"పురుగు పడితే ఏం కొడ్తరు?"

"ఏపగింజలు దంచి నానబెట్టి ఆ నీళ్లు కొడ్తం. పుచ్చులు ఏరి పారేస్తం. ఇంక మిగిలింది మాకు, మీకు."

ఇట్లా పని వివరం చెప్పగలిగిన మనిషి సేద్యం చేసిన మనిషి. "అన్నీ మంచియే, తీస్కపోండ్రి" అని తూకం రాళ్లు సర్దే మనిషి, పాపం, తెల్లవారుజామున మార్కెట్టు యార్డులో కొనుక్కొచ్చి అమ్ముకొనేవాడై ఉండవచ్చు. అతని వ్యాపారం అతనిది, తప్పేమీ లేదు. కాని సేంద్రియమని చెప్పి ఎక్కువ అడిగితే ఇవ్వవద్దు. ఇంకొక గుర్తు కూడా చెప్తాను. సొంత చేను సరుకు ఒకే సైజులో ఉండదు, అన్ని రకాలూ ఉండవు. నాలుగు సొరకాయలు, రెండు కట్టల పుంటికూర, గంపెడు వంకాయలు, పక్కన కొన్ని నిమ్మకాయలు, ఇట్లా ఉంటుంది. ఎండాకాలం నడిమధ్య క్యాలీఫ్లవరు, క్యారెట్టు, ఆపిలు పక్కపక్కన పేర్చి ఉంటే అది ఒక్క చేను పంట కాదని వేరే చెప్పనక్కరలేదు. పుచ్చు కాయలను చూసి మోసపోకండి. పుచ్చు ఉన్నదంతా సేంద్రియమేమీ కాదు, మందు కొట్టిన తోటలోనూ పుచ్చు పడుతుంది.

ఇక మన ప్రాంతానికి మాత్రమే చెందిన సంగతి ఒకటున్నది. దీని మీద కొంచెం ఎక్కువసేపు నిలువవలసి యున్నది.

పటాన్‌చెరులో పారిశ్రామికవాడ 1970వ దశకంలో వెలసింది. మందుల కార్ఖానాలు, రసాయనాల కార్ఖానాలు వరుసగా వచ్చినవి. వాటి మురుగునీరు ఏళ్ల తరబడి చెరువులలోకి, వాగులలోకి చేరింది. నక్కవాగు ఆ మురుగును మోసుకొనిపోయి మంజీరలో కలిపింది. వాగు నీరు పారించుకొన్న పొలాలు దెబ్బతిన్నవి. ఆ గోడు 1990లో సుప్రీంకోర్టు దాకా పోయింది. మురుగును శుద్ధిచేసే ఉమ్మడి కేంద్రం పటాన్‌చెరులో 1994లో వచ్చింది. తరువాత ఆ నీటిని అంబర్‌పేట మురుగుశుద్ధి కేంద్రానికి చేర్చే పైపులైను కూడా వేసినారు. అయినా ఒకసారి మట్టిలో చేరిన లోహం అంత తేలికగా వదలదు. ఈ ప్రాంతపు నీటిలో, మట్టిలో ఆర్సెనిక్ మొదలైన లోహాలు ఉండవలసిన దానికంటే ఎక్కువగా ఉన్నట్లు శాస్త్రజ్ఞుల పరీక్షలలో తేలింది.

చూశారా, చిక్కంతా ఇక్కడున్నది. ఒక రైతు యూరియా వేయలేదు, పురుగుమందు కొట్టలేదు, పశువుల ఎరువు మాత్రమే తోలినాడు. పారించింది మాత్రం కార్ఖానాల పక్కనుంచి వచ్చే వాగు నీరు. అతడు సేంద్రియమని చెప్తే అబద్ధమాడినట్లు కాదు. ఆ నీరు అతడు కోరి తెచ్చుకొన్నదీ కాదు. అయినా ఆ తోటకూర మనం కోరుకొన్న తోటకూర కాదు. సాధారణంగా కాయకూరలకంటే ఆకుకూరలే మట్టిలోని లోహాలను ఎక్కువగా పీల్చుకొంటవి. ఉప్పునీళ్లలో కడిగితే పై దుమ్ము పోతుంది, పై మందు కొంత పోతుంది. ఆకులోపలికి చేరిన లోహం ఎన్నిసార్లు కడిగినా పోదు.

కాబట్టి మన బెల్టులో మొదటి ప్రశ్న "మందు కొట్టినారా?" అని కాదు, "నీళ్లు ఏడికెల్లి పారిస్తరు?" అని. బాయి అన్నా, బోరు అన్నా అంతటితో ఆగవద్దు. ఏ ఊరు, వాగుకు ఎంత దూరం, కార్ఖానా గోడకు ఎంత దూరం, అది కూడా అడగండి. ఊరి పేరు చెప్పడానికి రైతు వెనుకాడడు. ఆ ఊరి వాళ్లు మన షిఫ్టులోనే ఒకరిద్దరుంటారు, వారిని విచారించవచ్చు. ఆకుకూరల విషయంలో ఈ విచారణ తప్పనిసరి.

దీనిలోనుంచే అగ్గువ దారి కూడా కనబడుతున్నది. వాగు నీళ్లతోగాని, బోరుతోగాని పనిలేకుండా వానకే పండే పంట ఏది? జొన్న, సజ్జ, కొర్ర, సామ, కంది, పెసర, అనుములు. సదాశివపేట దాటి జహీరాబాద్, నారాయణఖేడ్ దిక్కు ఎర్రచెలకల్లోను, రేగడి చేలల్లోను ఇవన్నీ పండుతవి. ఈ పంటలకు చిన్న రైతు బస్తాల ఎరువు వేయడం తక్కువ, మందు కొట్టడం ఇంకా తక్కువ. పత్తి చేను సంగతి, కంది మీద పచ్చపురుగు పడిన ఏటి సంగతి వేరు. సాగు ఖర్చే తక్కువైనప్పుడు సేంద్రియమన్న పేరుకు రెట్టింపు ధర ఎందుకు? అందుచేత నా సలహా ఇది. జేబులో ఉన్న డబ్బులో మొదటి భాగం గింజల మీద, పప్పుల మీద పెట్టండి. జొన్నలకు రెట్టింపు అడిగితే అనుమానించండి. కాని మందు లేకుండా టమాట, వంకాయ, బెండ పండించడానికి కూలి ఎక్కువ, నష్టం ఎక్కువ. అక్కడ రైతు పది రూపాయలు ఎక్కువ అడిగితే అది న్యాయమైన ధర, గీచిగీచి బేరమాడవద్దు.

జహీరాబాద్ పేరు ఎత్తినాము గనుక పస్తాపూర్ సంగతి చెప్పక తప్పదు. అక్కడ 1983 నుంచి దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పనిచేస్తున్నది. చుట్టుపక్కల ఊళ్ల దళిత మహిళలు, పేద మహిళలు సంఘాలుగా ఏర్పడి, బీడు భూములు బాగుచేసుకొని, ఒకే చేనులో పదీ పదిహేను రకాల పంటలు కలిపి వేసి, విత్తనం తామే దాచుకొంటున్నారు. ఏటా సంక్రాంతి నాళ్లలో ఎడ్లబండ్ల మీద విత్తనాలు పెట్టుకొని ఊరూరా తిరిగే పాత పంటల జాతర వారిదే. 2008 అక్టోబరు 15న మాచనూరులో వారి సంఘం రేడియో మొదలైంది. 2019లో ఐక్యరాజ్యసమితి వారి ఈక్వేటర్ బహుమతి వారికి వచ్చింది. కొనేవారికి వీరి దగ్గర నేర్చుకొనదగిన పాఠం ఒకటున్నది. కలుపు అని మనం పీకి పారేసే మొక్కల్లో ఎన్నో కూరాకులున్నవని వీరు చూపినారు. జొన్నచెంచలి, దొగ్గలి, తుమ్మి, గంగవాయిలి, వీటిని ఎవరూ విత్తరు, ఎవరూ ఎరువు వేయరు. వానాకాలంలో పల్లె అవ్వలు గంపలో ఒక మూలన పెట్టి తెస్తారు. అడిగేవారు లేక వాడిపోతవి. కట్ట కొద్ది రూపాయలకే ఇస్తారు. చేను ఎక్కడిదో అడిగి, నిశ్చింతగా కొనండి. అయితే కలుపుమందు కొట్టిన చేనులో ఇవి మొలవవు గనుక రానురాను తక్కువవుతున్నవి.

ఇప్పుడు కాగితాల సంగతి. దుకాణంలో పొట్లం కట్టి సేంద్రియమని అమ్మే సరుకు మీద సేంద్రియ ధ్రువీకరణ గుర్తు ఉండవలె. 2017లో వచ్చిన ఆహార భద్రతా నియమం అది. ధ్రువపత్రాలు రెండు తీర్లు. ఒకటి బయటి సంస్థ తనిఖీ చేసి ఇచ్చేది, దానికి ఖర్చెక్కువ. రెండవది పీజీఎస్, అంటే ఒక ఊరి రైతులు జట్టుగా ఏర్పడి ఒకరి చేను ఒకరు చూసి హామీ పడేది. ఇది చిన్నరైతుకు అందుబాటులో ఉన్నది. దీనిలో పీజీఎస్ గ్రీన్ అని ఉంటే ఆ భూమి ఇంకా మారుతున్న దశలో ఉన్నదని అర్థం, పూర్తిగా మారినదానికి పీజీఎస్ ఆర్గానిక్ అంటారు. ఈ మార్పుకు రెండు మూడేళ్లు పడుతుంది. గ్రీన్ సరుకు సాధారణంగా కొంచెం అగ్గువకు దొరుకుతుంది, పిల్లల తల్లులు దానిని తీసిపారేయనక్కరలేదు. ఇక గంపలో తెచ్చి మన చేతికే అమ్మే చిన్నరైతుకు ఈ కాగితం తప్పనిసరి కాదు, నియమంలోనే మినహాయింపు ఉన్నది. కాబట్టి అవ్వ దగ్గర కాగితం లేదని ఆమెను శంకించడం, అందమైన పొట్లం మీద గుర్తు చూడకుండానే నమ్మడం, రెండూ తలకిందుల తీర్పులే.

నెలలు కూడా గుర్తుంచుకోండి. పెసలు, మినుములు సెప్టెంబరు చుట్టూ వస్తవి. సజ్జ, కొర్ర ఆ వెనుకనే. కందులు డిసెంబరు, జనవరిలో. యాసంగి జొన్న, శనగ, కుసుమ ఫిబ్రవరి, మార్చిలో. చింతపండు ఎండాకాలం మొదట్లో. కళ్లం అయిన నెలలో రైతుకు డబ్బు అవసరం, మనకు సరుకు అవసరం. అప్పుడు ఏడాది పప్పు ఒక్కసారి కొనుక్కోవడం మన పెద్దలు చేసిన పనే.

పప్పు కొనడంలో ఒక లెక్క చూడండి. కందులు విసిరితే సుమారు నూటికి డెబ్బై పాళ్లు పప్పు వస్తుంది. మాటవరసకు కిలో కందులు 90 రూపాయలనుకొందాం. అప్పుడు కిలో పప్పు మనకు 130 రూపాయలకు కొంచెం తక్కువ పడుతుంది, దాని మీద మర కూలి. దుకాణంలో సేంద్రియ పప్పు ధర ఇంతకంటే ఎంత ఎక్కువున్నదో పక్కన పెట్టి చూసుకోండి. తేడా కొద్దిగానే ఉంటే పప్పే కొనండి, శ్రమ ఎందుకు? తేడా పెద్దదైతే కందులు కొని మరకు పంపండి. కొర్రలు, సామలు కొనేటప్పుడూ ఇదే లెక్క. పొట్టుతో ఉన్న గింజ అగ్గువగా కనబడుతుంది, దంచితే మూడో వంతు దాకా పొట్టుకు పోతుంది.

ఒక్క కుటుంబం నారాయణఖేడ్ పోయి పది కిలోల కందులు తెస్తే బస్సు కిరాయికే లాభం పోతుంది. అదే ఒక క్వార్టర్ల వరుసలో ఎనిమిది ఇండ్లవాళ్లు కలిసి నాలుగు బస్తాలు చెప్పినారనుకోండి, రైతే ఆటోలో తెచ్చి గుమ్మం ముందు దింపుతాడు. ముందు ఒక కిలో తెప్పించుకొని వండి చూడండి. నచ్చితే కొంత బయానా ఇచ్చి, ధర ముందే ఖాయం చేసుకోండి. కళ్లం నాడు ధర కొంచెం దిగినా మాట తప్పవద్దు. మరుసటి ఏడు ధర పెరిగినప్పుడు ఆ రైతు మనకు తప్పడు. డబ్బు లెక్క, తూకం ఒకరి చేతిలో పెట్టి, అందరి ముందర పంచుకోండి. ఇట్లాంటి జట్లు చెడేది ధర దగ్గర కాదు, లెక్క దగ్గర.

కూరగాయల మాటకొస్తే, పొద్దున్నే పోతే మంచి సరుకు, పొద్దు గుంకే వేళ పోతే మంచి ధర. రాత్రి షిఫ్టు దిగినవారు పొద్దున ఆకుకూరలు కొనుక్కోండి. పగటి షిఫ్టువారు సాయంత్రం వంకర వంకాయలు, చిన్న టమాటలు, పగిలిన గుమ్మడికాయలు అడగండి. వండిన తరువాత వంకర కనబడదు. చిల్లర వెంట తీసుకొనిపోండి. ఎప్పుడూ ఒకే గంప దగ్గర కొంటే నాలుగు వారాలకు ఆమె మీకోసం ఒక కట్ట దాచిపెడుతుంది, రాని కూర సంగతి, వచ్చే కూర సంగతి ముందే చెప్తుంది.

చివరగా నిల్వ సంగతి. మందు పెట్టని గింజకు పురుగు త్వరగా పడుతుంది. బస్తా ఇంటికి రాగానే రెండు రోజులు మంచి ఎండలో పోసి, పూర్తిగా చల్లారిన తరువాత డబ్బాకెత్తండి. వేడి మీద ఎత్తితే లోపల చెమ్మ పట్టి బూజు వస్తుంది. నీడన ఎండబెట్టిన వేపాకు పొరపొరకు వేయండి, మూత బిగుతుగా పెట్టండి. వానాకాలం మొదలయ్యే ముందు మళ్లీ ఒకసారి ఎండకు పోయండి. కందులకంటే పప్పు బాగా నిలుస్తుంది, కాబట్టి జూన్ దాటి ఉంచదలచుకొన్నది ముందే విసిరించి పెట్టుకోండి.