స్టేషన్ చుట్టూ గీసే గుండ్రం

మెట్రో స్టేషన్ పక్కన ఖాళీ జాగా ఎంతుంది, దాని మీద ఎన్ని అంతస్తులు లేపవచ్చు? స్టేషన్ పరిసరాల అభివృద్ధి అనగానే ముందు వేసే లెక్క ఇదే. ట్రాన్సిట్ ఓరియెంటెడ్ డెవలప్‌మెంట్, క్లుప్తంగా టీవోడీ, అసలు ఉద్దేశం వేరు: ఇళ్లూ కొలువులూ దుకాణాలూ స్టేషన్‌కు నడిచి వెళ్లేంత దగ్గరలో ఉండేలా ఊరిని పెంచడం. 2017లో కేంద్రం ప్రకటించిన జాతీయ విధానం ఆ దూరాన్ని 500 నుంచి 800 మీటర్లుగా చెప్పింది. చాలా నగరాలు ఇందుకు ఎఫ్‌ఎస్‌ఐని ఎరగా వాడతాయి, అంటే స్థలానికి ఎన్ని రెట్లు కట్టుకోవచ్చన్న పరిమితిని స్టేషన్ల దగ్గర సడలిస్తాయి. అహ్మదాబాద్‌లో మెట్రో, బీఆర్‌టీఎస్ దారులకు చెరోపక్క 200 మీటర్ల వరకు దాన్ని 4 దాకా అనుమతించారు. హైదరాబాద్‌లో ఈ ఎర పనిచేయదు. 2006 నాటి జీవో 86తోనే ఇక్కడ ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి పోయింది; రోడ్డు వెడల్పు, ప్లాటు సైజు, సెట్‌బ్యాక్‌లు ఎత్తును తేలుస్తాయి. అందుకే యాభై అంతస్తులు దాటిన టవర్లు మెట్రో ఇంకా చేరని కోకాపేటలో లేచాయి. పెద్ద ప్లాట్లూ వెడల్పాటి రోడ్లూ ఉన్నది అక్కడ మరి.

కాబట్టి మన స్టేషన్ల సత్తా తేల్చేటప్పుడు ఎత్తు కన్నా ముందు నడకను కొలవాలి. మ్యాపు మీద స్టేషన్ చుట్టూ 500 మీటర్ల గుండ్రం గీస్తే దాదాపు 78 హెక్టార్లు వస్తుంది. కానీ మనిషి గోడల మీంచి ఎగరలేడు, వీధుల వెంట నడుస్తాడు. అడ్డంగా నిలువుగా దగ్గర దగ్గరగా వీధులున్న చక్కటి కాలనీలో కూడా 500 మీటర్ల నడకకు అందేది 50 హెక్టార్లే. మధ్యలో గేటెడ్ కమ్యూనిటీ ప్రహరీయో, నాలాయో, రైలుపట్టాలో అడ్డొస్తే అదీ ఉండదు. ఎంజీబీఎస్ స్టేషన్‌నే చూడండి. రెండు మెట్రో మార్గాలు కలిసే చోటు, పక్కనే రాష్ట్రమంతటికీ బస్సులు వెళ్లే ఇమ్లీబన్ బస్టాండు. కానీ గుండ్రంలో మంచి భాగాన్ని మూసీ తీసుకుంటుంది. నది మీద ఇళ్లు కట్టలేం, వంతెన ఉన్నచోట తప్ప దాటలేం.

పరిశోధకుడు లూకా బెర్టోలిని 1999లో ప్రచురించిన పద్ధతి ఇక్కడ పనికొస్తుంది. స్టేషన్‌కు రెండు మార్కులు వేస్తాడాయన: అక్కడినుంచి ఎన్నిచోట్లకు ఎంత సులువుగా వెళ్లవచ్చు అన్నదానికి ఒకటి, చుట్టూ ఎంతమంది ఎన్నిరకాల పనుల మీద ఉన్నారు అన్నదానికి మరొకటి. రెంటి మధ్య తేడా ఎక్కువగా ఉంటే మార్పుకు అవకాశం ఉన్నట్టు. పద్ధతి మంచిదే, కానీ దాన్ని భూమి ధరతో కలిపి వాడినప్పుడు ఒక పొరపాటు దొర్లుతుంది. అమీర్‌పేటలో ఇరుకిరుకు హాస్టళ్లు, కోచింగ్ సెంటర్లు, టిఫిన్ బండ్లు పక్కపక్కనే ఉంటాయి. ధరల లెక్కలో ఆ పాత భవనాలు ‘తక్కువగా వాడుతున్న భూమి’. పడగొట్టి కట్టడానికి యోగ్యం. మెట్రో కోణంలో చూస్తే బండి లేని కుర్రకారు స్టేషన్‌కు నాలుగడుగుల దూరంలో చౌకగా ఉండే చోటది. టీవోడీ పేరుతో మనం కోరుకుంటున్నదే అక్కడ ఎవరూ పథకం వేయకుండానే జరిగిపోయింది. దాన్ని తీసేసి ఖరీదైన ఫ్లాట్లు కడితే వచ్చేవాళ్లు ఇంటికి రెండు కార్లతో వస్తారు. స్టేషన్ దగ్గర జనసాంద్రత పెంచితే అద్దెలు పెరిగి పేదలు దూరమవుతారన్న అభ్యంతరం అందుకే బలమైనది. నా దృష్టిలో దానికి జవాబు సాంద్రత వద్దనడం కాదు. ఇప్పుడున్న చౌక అద్దె గదుల్ని మార్కుల పట్టికలో ఆస్తిగా చేర్చాలి, కూల్చేవాళ్లు అన్ని గదులు తిరిగి కట్టివ్వాలి.

పంజాగుట్ట, హైటెక్ సిటీ స్టేషన్ల దగ్గర మాల్స్ కట్టారు కదా, అది అభివృద్ధి కాదా అంటారు కొందరు. అది మెట్రోకు రాబడి మార్గం. టికెట్ డబ్బుతోనే మెట్రో నడవడం కష్టం కాబట్టి అందులో తప్పూ లేదు. హాంకాంగ్ మెట్రో సంస్థ నిలదొక్కుకోవడంలో భూమి మీద ఆదాయానిది పెద్ద పాత్ర. అయితే పార్కింగ్ అంతస్తులున్న మాల్ కార్లనూ పిలుస్తుంది. రాబడి లెక్కను, నడిచివచ్చే ప్రయాణికుల లెక్కను ఒకే గడిలో రాయకూడదు. చివరి కిలోమీటరుకు షేర్ ఆటోలున్నాయన్నది మరో మాట. ఉన్నాయి, ఉండాలి కూడా. కానీ రోజూ రెండుసార్లు ఆటోకు ఇచ్చే డబ్బు, మెట్రో టికెట్‌తో కలిపి చూస్తే, చాలామందిని మళ్లీ టూవీలర్ ఎక్కిస్తుంది.

ఏ కొలతకు ఎంత బరువివ్వాలన్నది అంతిమంగా మనుషులు తీసుకునే నిర్ణయమే, పట్టికలో అంకెలుగా కనిపించినంత మాత్రాన అది శాస్త్రమైపోదు. రెండో దశలో ఎంజీబీఎస్ నుంచి చాంద్రాయణగుట్ట వరకు వేయదలచిన మార్గాన్ని ఖాళీ స్థలం, ప్లాటు సైజు ప్రకారం కొలిస్తే పాతబస్తీ స్టేషన్లు అట్టడుగున ఉంటాయి. నడకకు అందే ఇళ్లు, దుకాణాలు, కార్ఖానాల ప్రకారం కొలిస్తే నగరంలో వాటికి దీటైనవి కొన్నే. అక్కడ కొత్తగా కట్టాల్సింది తక్కువ; స్టేషన్ మెట్ల నుంచి గల్లీల దాకా ఆక్రమణ లేని ఫుట్‌పాత్, రోడ్డు దాటే చోట దీపం, ఆటోలు ఆగడానికి కాస్త జాగా కావాలి.