బిట్టు కోసం చదివారు సరే.. ఒకసారి దిగి చూశారా?

బెలూం గుహల పొడవెంత? 3,229 మీటర్లు. ఎక్కడున్నాయి? నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలంలో. గ్రూప్స్‌కి చదివేవాళ్లలో ఈ రెండు జవాబులూ రానివాళ్లు తక్కువే. వాళ్లలో లోపలికి దిగి చూసినవాళ్లెందరో అడగండి. పక్కనున్న తాడిపత్రిలో చదివినవాళ్లు కూడా ‘చిన్నప్పుడెప్పుడో స్కూల్ టూర్‌లో..’ అని నసుగుతారు.

ఈ బిట్టులోనే ఒక మెలిక ఉంది. కొన్ని గైడ్లలో ‘దేశంలో రెండో పొడవైన గుహలు’ అని ఉంటుంది. మేఘాలయలోని క్రెమ్ లియాట్ ప్రా ఒక్కటే 30 కిలోమీటర్లు దాటుతుంది. అక్కడ బెలూం కంటే పొడవైనవి ఇంకా చాలానే ఉన్నాయి. మైదాన ప్రాంతంలో పొడవైనవి అని గుర్తుపెట్టుకోండి, సరిపోతుంది.

బయటి నుంచి చూస్తే అక్కడ గుహ ఉన్నట్టే అనిపించదు. చదునైన పొలాల మధ్య బావుల్లాంటి గోతులు కనిపిస్తాయి, అంతే. వాటిలో ఒకదాంట్లోంచి మెట్లు దిగాలి. సందర్శకులకు తెరిచింది సుమారు కిలోమీటరున్నర. కాసేపటికే చొక్కా తడిసిపోతుంది. గొట్టాలతో గాలి పంపిస్తున్నా ఉక్కపోత తప్పదు. కొన్నిచోట్ల నడుం వంచి నడవాలి. కోటిలింగాలు, వేయిపడగలు, సప్తస్వరాల గుహ దాటి పాతాళగంగ దాకా వెళ్తే నేలకు నూరడుగుల పైచిలుకు కింద ఉన్నట్టు. అక్కడ సన్నటి నీటి పాయ బండల కిందికి పోయి మాయమవుతుంది.

ఇంటర్ కెమిస్ట్రీ గుర్తుందా? వాన నీటిలో కార్బన్ డయాక్సైడ్ కరిగితే బలహీనమైన ఆమ్లం అవుతుంది. అది సున్నపురాయిని లక్షల ఏళ్లపాటు కొద్దికొద్దిగా కరిగించుకుంటూ పోతే ఇలాంటి సొరంగాలు ఏర్పడతాయి. మీ ఇంట్లో బేతంచెర్ల బండలు పరిచి ఉంటే, ఈ చుట్టుపక్కల సున్నపురాయి మీద రోజూ నడుస్తున్నట్టే.

రాబర్ట్ బ్రూస్ ఫుట్ 1884లో బెలూం గురించి రాశాడు. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో ఆయన ఉద్యోగం రాళ్ల సర్వే. 1863లో మద్రాసు దగ్గర పల్లావరంలో ఆదిమానవుడి రాతి గొడ్డలిని గుర్తించిందీ ఆయనే. బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహల్లో ఆయన, ఆయన కొడుకు తవ్వితే జంతువుల శిలాజాలు, ఎముక పనిముట్లు బయటపడ్డాయి. ఆ చుట్టుపక్కలే ముచ్చట్ల చింతమాను గవి ఉంది. 1970ల్లో ఎం.ఎల్.కె. మూర్తి అక్కడ తవ్వినప్పుడు ఓ పొయ్యి ఆనవాలు దొరికింది. పదిహేడు వేల ఏళ్ల కిందటిదని తేలింది! బెలూంలో దొరికిన పాత్రలు క్రీ.పూ. 4500 నాటివని చెబుతారు. తర్వాత జైన, బౌద్ధ సన్యాసులూ ఇక్కడ గడిపారు.

బాధ కలిగించే సంగతి ఏమిటంటే, ఫుట్ రాశాక దాదాపు వందేళ్లు బెలూంను ఎవరూ కొలవలేదు. చెత్త పారేసే చోటుగా వాడుకున్నారు. 1982, 83ల్లో జర్మనీ నుంచి హెర్బర్ట్ డానియల్ గెబావర్ బృందం వచ్చి సర్వే చేసి, పటం గీసింది. మీరు బట్టీ పట్టే 3,229 అలా వచ్చిన అంకె. 2002లో గానీ జనానికి తలుపులు తెరుచుకోలేదు.

మనం కొలవలేదు, ఎవరో వచ్చి కొలిచారు. ఆ పని నేర్చుకునే దారులు మనకీ ఉన్నాయి. జియాలజీలో పీజీ చేసినవాళ్లు యూపీఎస్సీ కంబైన్డ్ జియో సైంటిస్ట్ పరీక్ష రాసి జియలాజికల్ సర్వేలోకి, భూగర్భ జల మండలిలోకి వెళ్లొచ్చు. ప్రిలిమ్స్, మెయిన్స్, ఇంటర్వ్యూ ఉంటాయి. చరిత్ర వైపు ఆసక్తి ఉంటే ఉస్మానియాలో, తిరుపతి ఎస్వీ యూనివర్సిటీలో, కడప యోగి వేమనలో ఆర్కియాలజీ చదవొచ్చు. పుణె దక్కన్ కాలేజీకి ఈ రంగంలో పెద్ద పేరు. పీజీ అయ్యాక గ్రేటర్ నోయిడాలో పురావస్తు సర్వే నడిపే పండిత్ దీనదయాళ్ ఉపాధ్యాయ ఇన్‌స్టిట్యూట్‌లో రెండేళ్ల పీజీ డిప్లొమా ఉంది.

దాచకుండా చెప్పాలంటే పోస్టులు తక్కువ, నోటిఫికేషన్లు ఆలస్యం. ‘డిగ్రీ కాగానే జీతం రావాలి’ అనుకునేవాళ్లకి ఇది సరైన దారి కాదు, ఇంట్లోవాళ్లతో ముందే మాట్లాడుకోండి. అలాగని చూడకుండానే ‘జియాలజీకి జాబ్‌లు లేవు, హిస్టరీ వేస్ట్’ అని కొట్టిపారేయకండి. బనగానపల్లె దగ్గరి జ్వాలాపురంలో 74 వేల ఏళ్ల కిందటి టోబా అగ్నిపర్వత బూడిద పొరకు పైనా కిందా రాతి పనిముట్లు దొరికాయి. రవి కొరిశెట్టర్, మైఖేల్ పెట్రాగ్లియా బృందం 2007లో దాన్ని ‘సైన్స్’ పత్రికలో ప్రచురించింది. ఇదీ నంద్యాల జిల్లానే.

ఈసారి సెలవుకి నలుగురు స్నేహితులు కలిసి బయల్దేరండి. బనగానపల్లె-తాడిపత్రి దారిలో కొలిమిగుండ్ల వైపు వెళ్లాలి. జారని బూట్లు, నీళ్ల సీసా మర్చిపోవద్దు. పైనుంచి వేలాడే రాతి ఊడల్ని ముట్టుకోవద్దు, చేతి జిడ్డు అంటితే వాటి పెరుగుదల ఆగిపోతుంది. సెల్ఫీలు అయ్యాక ఓ పది నిమిషాలు గైడ్ పక్కన నిలబడి అడగండి: ఈ నీళ్లు ఎటు పోతాయి, ఇక్కడ ఏం దొరికింది, ఎవరు తవ్వారు? ఇంటర్వ్యూ బోర్డు ‘మీ ప్రాంతం గురించి చెప్పండి’ అన్నప్పుడు గైడ్ బుక్ వాక్యం అప్పజెప్పేవాడికీ, పాతాళగంగ దగ్గర చెమటలు కక్కి వచ్చినవాడికీ తేడా తెలిసిపోతుంది.

నోట్‌బుక్ కూడా పట్టుకెళ్లండి. పెన్ను కాదు, పెన్సిల్. ఆ చెమటకి ఇంకు అలుక్కుపోతుంది.